మొద్దుముక్కు రివాల్వరు – దాని గుఱి, దాని తూటా



1922వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు మన్యపు వీరులను వెంటబెట్టుకొని చింతపల్లి పోలీసు ఠాణాపై పడెను. మఱునాడు కృష్ణదేవిపేట, ఆ మఱునాడు రాజవొమ్మంగి. ఈ మూడు ఠాణాలలో ఆయనకు చిక్కిన తుపాకులు 26. తూటాలు రమారమి 2,500. ఈ కథ చెప్పుకొనునపుడు మనవారు తుపాకుల లెక్కను జ్ఞాపకముంచుకొందురు గాని తూటాల లెక్కను మఱచిపోవుదురు. రాజు మాత్రము మఱవలేదు.

ఎనిమిదేండ్ల తరువాత, 1930 ఏప్రిల్ 18వ తేదీ రాత్రి, తూర్పు బంగాళములోని చిట్టగాంగు పట్టణమున సూర్యసేనుని అనుచరులు రెండు ఆయుధాగారములను పట్టుకొనిరి. అందు సహాయక సేనవారి ఆయుధాగారములో మంచి రైఫిళ్లును, మరతుపాకులును దొరకినవి. కాని వానికి తగిన తూటాలు ఎంత వెదకినను కనబడలేదు. చేతికందిన గొప్ప ఆయుధములు ఎందుకును కొఱగాకపోయినవి. నాలుగు దినముల తరువాత జలాలాబాదు కొండమీద ఆ యువకులు పోలీసు మస్కెట్లతోనే సర్కారు సేన నెదిరించి పోరాడవలసివచ్చెను.

ఈ రెండు కథలును కలిపి చూచిన ఒక సంగతి తేటపడును. తుపాకి యొక్కటే ఆయుధము కాదు. తూటా యొక్కటే ఆయుధము కాదు. ఒకదాని కొకటి సరిపడినప్పుడే ఆ రెండును గలసి ఆయుధమగును. సరిపడనప్పుడు తుపాకి చేతికఱ్ఱతో సమానము. అయితే మూడవ స్థితి యొకటి కలదు. సరిపడినట్లే కనబడి, నిజమునకు సరిపడకుండుట. అప్పుడు తుపాకి, దానిని పట్టుకొన్నవానికే శత్రువగును.

ఈ మూడవ స్థితిని గూర్చియే నేటి ప్రసంగము. ఇందుకు ఉదాహరణముగా ఇంగ్లండులో మొలకెత్తి అమెరికాలో పెరిగిన ఒక చిన్న ఆయుధము చరిత్రను మీకు మనవి చేయుదును. దాని గొట్టము రెండంగుళములు మాత్రమే యుండుటచే ఆ దేశపువారు దానిని మొద్దుముక్కు రివాల్వరని పరిహాసముగా పిలిచిరి. దానిపై లోకములో రెండు నిందలు కలవు. అది గుఱి తగులదని మొదటిది. ఏ తూటా వేసిన ఏమగునో తెలియదని రెండవది. ఈ నిందలలో తప్పు ఆయుధమున కెంత, మనుష్యున కెంత యని విచారింతము.

రివాల్వరనగా తిరుగుడు పిస్తోలు. గొట్టమునకు వెనుక ఒక ఇనుప దిమ్మ యుండును. ఆ దిమ్మలో అయిదో, ఆఱో అఱలు తొలిచియుండును. మీట నొక్కినప్పుడెల్ల దిమ్మ ఒక అఱ తిరిగి, నిండియున్న క్రొత్త అఱ గొట్టమునకు సరిగా వచ్చి నిలుచును. అమెరికా దేశీయుడైన సామ్యూలు కోల్టు 1836లో తన దేశమున దీనికి హక్కు పొందెను. ఆ కాలపు రివాల్వరులో నేటివలె ఇత్తడి తూటా లేదు. ప్రతి అఱలోను తుపాకిమందు పోసి, ముందువైపునుండి సీసపు గుండు నొత్తి, వెనుక చిన్న రాగి టోపీ తొడుగవలెను. గుండ్లు పోసికొనుటకు అచ్చును తుపాకితో కూడ అమ్మెడివారు. మన మన్యములలోను, మెట్ట గ్రామములలోను నోటినుండి మందు దట్టించెడి నాటు తుపాకుల నెఱిగిన పెద్దలకు ఈ పద్ధతి వింతగా తోచదు. ఎవని తుపాకికి వాడే గుండు పోసికొనుచుండగా, ఇతరుని గుండు తనదానికి సరిపడునా యను ప్రశ్నయే పుట్టలేదు. అచ్చే తుపాకికి సాక్షి.

ఈ స్థితి యెక్కువ కాలము నిలువలేదు. 1855లో రోలిన్ వైటు అను నతడు అఱలను వెనుకనుండి ముందువఱకు తెఱపిగా తొలుచు పద్ధతికి హక్కు పొందెను. స్మిత్తు, వెస్సను అను నిద్దఱు వర్తకులు ఒక్కొక్క రివాల్వరునకు 25 సెంట్ల చొప్పున అతనికి చెల్లించు నొడంబడికపై ఆ హక్కును గైకొని, 1857లో లోహపు తూటా పట్టు మొదటి చిన్న రివాల్వరును అమ్మజూపిరి. మందు, గుండు, టోపీ మూడును ఒకే డొప్పలో నిమిడినవి. వానకు తడియదు, చీకటిలోనైనను నింపవచ్చును. 1869లో ఆ హక్కు గడువు తీఱెను. అంతట కోల్టు వారును, తక్కిన కార్ఖానాలవారును అదే దారి పట్టిరి.

సౌకర్యము పెరిగినది; స్వాధీనత తగ్గినది. తన గుండు తాను పోసికొన్నవాడు ఇప్పుడు అంగడిలో తూటాలు కొనవలెను. పెట్టెపై వ్రాసిన పేరును నమ్మవలెను. ఆ పేర్లు ఎట్లు పుట్టినవో చూడుడు.

కోల్టు వారి పాత నౌకా రివాల్వరును 36 నంబరుదని పిలిచెడివారు. అంగుళమును నూఱు పాళ్లు చేసినచో అందులో 36 పాళ్లు దాని బోలు అని యర్థము. నిజమునకు గాళ్ల లోతుతో కూడ కొలిచిన 37 పాళ్లు మించును. ఈ రివాల్వరులను లోహపు తూటాలకు అనువుగా మార్చినప్పుడు, పాత గొట్టమునకు చాలునట్టి లావైన గుండును చేసిరి. డొప్ప వెలుపలి కొలత యెంతయో గుండు కొలతయు నంతే. దానికి 38 అని పేరు పెట్టిరి. కొంతకాలమునకు గుండుకు పూసిన మైనము వెలుపల నుండుటచే దుమ్ము పట్టుచున్నదని, గుండును సన్నము చేసి డొప్పలోపలికే దించిరి. గుండు సన్నగిల్లి 35 పాళ్లు దాటి 36కు లోపుగా నిలిచినది. సరిగా చెప్పవలెనన్న అంగుళమును వేయి పాళ్లు చేసినచో 357 పాళ్లు. డొప్ప మాత్రము మునుపటివలెనే యుండెను. పేరును మునుపటిదే నిలిచెను. కావున 38 తూటాలోని గుండు 38 కాదు. పేరు డొప్పది, గొట్టములోనుండి పోవునది వేఱొకటి.

ఇంతలో స్మిత్తు, వెస్సను వారు 1870ల దశకములో తమ సొంత 38 తూటాను వేఱుగా చేసిరి. దాని డొప్ప పొట్టి, కొంచెము లావు. గుండు వేయింట 361 పాళ్లు. ఆ తరువాత 1898లో వారే 38 స్పెషలు అను పొడుగు తూటాను పుట్టించిరి. దాని డొప్ప సన్నము, గుండు 357. అనగా ఒకే కార్ఖానానుండి, ఒకే 38 పేరుతో, ఒకదాని కొకటి పొసగని రెండు తూటాలు లోకములోనికి వచ్చినవి.

దీనికి తోడు వర్తకుల అభిమానము. కోల్టు వారి రివాల్వరులకు స్మిత్తు, వెస్సను వారి తూటాలే సరిపడుచున్నను, పోటీదారుల పేరు తమ సరుకుపై ముద్రించుటకు కోల్టు వారికి మనసొప్పలేదు. పొట్టి 38నే కొంచెము మొన చదును చేసి కోల్టు న్యూ పోలీసు అనిరి; 38 స్పెషలును కోల్టు స్పెషలు అనిరి. ఈ విధముగా రెండు వస్తువులకు ఒక పేరును, ఒక వస్తువునకు రెండు పేర్లును ఏర్పడినవి. మన గ్రామములలో ఒకే పేరుగల ఇద్దఱు రైతులుండి, వారిలో నొకనికి రెండు ఇంటిపేర్లుండిన కరణము లెక్క ఎట్లు చెడునో, అమెరికా తుపాకి అంగళ్లలో అట్లే చెడెను.

ఇక పొట్టి గొట్టము సంగతి. ఇంగ్లండులో వెబ్లీ వారు 1872 ప్రాంతమున బుల్‌డాగు అను పొట్టి రివాల్వరును చేసిరి. దాని గొట్టము రెండున్నర అంగుళములు. కోటు జేబులో ఇముడును. గుండు మాత్రము లావు. దానిని చూచి అనేక దేశములలో అనుకరణములు బయలుదేఱినవి. 1881 జూలై 2వ తేదీన వాషింగ్టను రైలుస్టేషనులో గీటో అను నతడు అమెరికా అధ్యక్షుడైన గార్ఫీల్డుపై కాల్చినది ఇట్టి బుల్‌డాగుతోనే. అతడు కాల్చిన దూరము కొలది అడుగులే. అయినను రెండు గుండ్లలో నొకటి చేతిని రాచుకొనిపోయెను. రెండవది వీపున దిగెను గాని ప్రాణస్థానమును తప్పెను. అధ్యక్షుడు సెప్టెంబరు 19వ తేదీవఱకు జీవించెను. శుద్ధిలేని వ్రేళ్లతోను, పరికరములతోను వైద్యులు గాయమును పలుమాఱు కెలుకుటచే చీము పట్టినదనియు, ఆ కాలపు వైద్యమే గుండుకంటె ఎక్కువ హాని చేసినదనియు నేటి వైద్యులు చెప్పుచున్నారు. చేరువనుండియే పొట్టి రివాల్వరు ఎట్లు తప్పునో ఆ దినమే లోకము చూచినది.

అటుపిమ్మట 1920ల దశకములో కోల్టు కార్ఖానాకు చెందిన ఫిట్జ్‌గెరాల్డు అను గుఱికాడు పెద్ద రివాల్వరుల గొట్టములను తెగగోసి జేబుకు తగునట్లు చేయసాగెను. 1927లో కోల్టు వారు డిటెక్టివు స్పెషలు అను పేర రెండంగుళముల గొట్టముతో, ఆఱు తూటాలు పట్టు రివాల్వరును అమ్మకమునకు తెచ్చిరి. బరువు 21 ఔన్సులు, అనగా మన పాత తూకములో అఱవీసెకంటె తక్కువ. మామూలు దుస్తులలో తిరుగు పోలీసులకు అది మిక్కిలి నచ్చెను. 1950లో స్మిత్తు, వెస్సను వారు ఇంకను చిన్నదిగా, అయిదు తూటాలతో మఱియొకటి చేసిరి. పోలీసు అధిపతుల సభలో దానిని చూపి, పేరు పెట్టుడని వారినే యడుగగా, చీఫ్స్ స్పెషలు అని వారు వోటువేసి నిర్ణయించిరి.

ఇది గుఱి తగులదను నింద నిజమా? కమ్మరి బల్లకు ఇనుప బిగింపుతో బిగించి, చేయి తగులకుండ కాల్చి చూచినచో, మంచి పనితనముగల పొట్టి రివాల్వరు 25 గజముల దూరమున తన గుండ్లను దగ్గఱ దగ్గఱగానే కొట్టును. గొట్టములోని మెలికల గాళ్లు గుండును తిప్పి పంపుటకు రెండంగుళములైనను చాలును. కాబట్టి లోపము గొట్టములో లేదు. మఱి యెక్కడ నున్నది?

మొదటిది గుఱి చూచు ముల్లునకును, వెనుక గంటునకును నడిమి దూరము. పొలము గట్టు తిన్నగా వేయుటకు మీరు రెండు గూటములు పాతి త్రాడు కట్టుదురు. ఆ గూటములు దగ్గఱగా నున్నచో, ఒకదానిని వెంట్రుకవాసి జరిపినను, గట్టు చివర బారెడు ప్రక్కకు పోవును. గూటములు దూరముగా నున్నచో ఆ పొఱపాటు తగ్గును. ఇదియు నట్లే. 25 గజములనగా 900 అంగుళములు. ముల్లు, గంటుల మధ్య 8 అంగుళములున్న పెద్ద రివాల్వరులో కన్ను అంగుళములో నూఱవ పాలు తప్పినచో, గుండు 25 గజముల కడ ఒక్క అంగుళము పైచిలుకు తప్పును. ఆ నడిమి దూరము 4 అంగుళములైనచో తప్పు రెండింతలు, అనగా రెండుంబాతిక అంగుళములు. చేయి వణికిన ప్రతి వణుకునకు ఈ లెక్కయే.

రెండవది మీట. చేతితో సుత్తిని వెనుకకు లాగకుండ, మీటనే నొక్కి కాల్చవలెనన్న, సామాన్యముగా 10 పౌన్ల బలమైనను కావలెను. పదిపౌన్లనగా 160 ఔన్సులు. తుపాకి బరువు 21 ఔన్సులు. తనకంటె ఏడు రెట్లు మించిన బలముతో లాగబడుచున్న చిన్న వస్తువు నిలుకడగా నుండుట యెట్లు? చిన్న తక్కెడ దండెపై పెద్ద చేయి వేసినట్లుండును. ఎంతో సాధన చేసిన చేతికి గాని అది లొంగదు.

మూడవది తూటాయే. పొట్టి రివాల్వరుపై ముల్లు స్థిరముగా నుండును, సవరించుటకు వీలులేదు. దానిని సామాన్యముగా 158 గ్రెయినుల గుండుకు సరిపోవునట్లు అమర్చియుందురు. అంతకంటె తేలికైన, వేగమైన గుండు వేసినచో గుఱికి క్రిందుగా తగులును. బరువైన గుండు క్రిందికి పోవలెనని మనకు తోచును గాని జరుగునది వేఱు. కాల్చిన క్షణమునుండియే తుపాకి ముక్కు పైకెత్తుకొనుచుండును. బరువైన గుండు గొట్టములో కొంచె మెక్కువసేపుండి, ముక్కు మఱికొంత లేచిన పిమ్మట వెలువడును. అందుచే మీద తగులును. కావున తగిన తూటా లేక తగిన గుఱి లేదు. ఈ రెండు నిందలును నిజమునకు ఒక్కటే.

ఇప్పుడు రెండవ నింద. 1935లో స్మిత్తు, వెస్సను వారు 357 మాగ్నం అను మిక్కిలి బలమైన తూటాను చేసిరి. దాని గుండును, డొప్ప లావును 38 స్పెషలుతో సమానమే. పాత రివాల్వరులో పొఱపాటున దీనిని వేసి కాల్చినచో దిమ్మ పగులవచ్చును. అందుకు వారేమి చేసిరి? పెట్టెపై హెచ్చరిక వ్రాసి యూరకుండలేదు. డొప్పను అంగుళములో ఎనిమిదవ వంతు పొడిగించిరి. 38 స్పెషలు అఱలో ముందువైపున ఒక చిన్న మెట్టు ఉండును. పొడుగు తూటా ఆ మెట్టుకు తగిలి ఆగిపోవును, దిమ్మ మూసికొనదు. పొట్టిదైన 38 స్పెషలు మాత్రము మాగ్నం అఱలో సుఖముగా దూఱును, హాని లేదు. బలహీనునకు రెండు త్రోవలు, బలవంతునకు ఒకే త్రోవ. చదువురానివాడైనను, చీకటిలో నున్నవాడైనను, తొందరలో నున్నవాడైనను తప్పు చేయలేడు.

పెద్దలారా, మీరు పొలముల తగవులు తీర్చువారు. నోటిమాటతో చెప్పుకొన్న హద్దు ఎంతకాలము నిలుచునో, పాతిన హద్దురాయి ఎంతకాలము నిలుచునో మీ కెఱుకయే. మాగ్నం డొప్ప పొడుగు ఒక హద్దురాయి. ఆ రాతిని పెకలించినచో నేమగునో, అసలు పాతకున్నచో నేమగునో చరిత్ర రెండు కథలు చెప్పుచున్నది.

మొదటి కథ. బ్రిటిషు సేన 1930ల దశకములో పొట్టి 38 కొలతగల తూటాను తన రివాల్వరులకు స్వీకరించెను. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినప్పుడు సొంత కార్ఖానాలు చాలక, ఆ కొలతకే అమెరికాలో స్మిత్తు, వెస్సను వారిచేత అయిదు లక్షలకు పైగా రివాల్వరులు చేయించుకొనెను. 1945లో యుద్ధము ముగిసెను. మిగిలిన రివాల్వరులను వర్తకులు చౌకగా కొని అమెరికాకు తిరిగి తెచ్చిరి. అక్కడ అందఱును వాడునది 38 స్పెషలు. అది పొడుగు గావున ఈ రివాల్వరుల అఱలలో పూర్తిగా దిగదు, మెట్టు అడ్డగించును. వర్తకులు ఆ మెట్టును తొలిచివేసిరి. పలువురు గొట్టమును గూడ రెండంగుళములకు కోసి, ముల్లు నతికించి, మొద్దుముక్కు రివాల్వరులని అమ్మిరి.

ఇప్పుడు తూటా దిగినది, కాని సరిపడలేదు. అఱ వెనుకభాగము లావైన డొప్పకొఱకు తొలిచినది. సన్నని డొప్ప అందులో వదులుగా నుండును. కాల్చినప్పుడు మందు వేడికి, ఒత్తిడికి డొప్ప అఱగోడను తాకువఱకు ఉబ్బి, తఱచుగా నిలువున చీలును. చీలిక వెంట వేడి వాయువు వెనుకకు చిమ్మవచ్చును. గొట్టపు బోలు 361 పాళ్ల గుండుకు చేసినది, పోవుచున్నది 357. గాళ్లు దానిని గట్టిగా పట్టుకొనలేవు; గుఱి చెడును. కొన్నవాడు ఈ తుపాకి పనికిమాలినదని తిట్టెను. పాపము, తుపాకి చేసిన తప్పేమి? దానిని చేసినవారు ఒక కొలతకు చేసిరి. అడ్డుగా ఒక రాతిని పాతిరి. లాభము కోరినవారు ఆ రాతిని పెకలించిరి. అట్టివి నేటికిని పాత సరుకులలో కనబడుచుండుటచే, ఎఱిగినవారు పైముద్రను నమ్మక, అఱను కొలిచి చూతురు.

రెండవ కథ. 1950ల దశకారంభమున అమెరికా వైమానిక దళమువారు తమ విమాన చోదకులకు అతి తేలికైన రివాల్వరు కావలెననిరి. చట్రము మాత్రమే గాక, తూటాలు పట్టు దిమ్మను గూడ అల్యూమినియముతో చేయించిరి. కోల్టు వారు చేసినది 11 ఔన్సులే తూగెను. అల్యూమినియపు దిమ్మ మామూలు 38 స్పెషలు బలమును చిరకాలము తాళజాలదు. అందుకని తక్కువ ఒత్తిడిగల ప్రత్యేక తూటాను చేయించి, ఇదియే వాడవలెనని ఉత్తరువు లిచ్చిరి. కాని ఆ తూటా కొలతలు మామూలు తూటా కొలతలే. అంగడిలోని ఏ 38 స్పెషలైనను ఆ అఱలో చక్కగా దూఱును. అడ్డుపడు మెట్టు లేదు. ఉన్నది వ్రాత మాత్రమే. దిమ్మలు పగులసాగినవి. ఆ దశకము ముగియు ప్రాంతమున దళమువారు ఆ రివాల్వరులను వాడుకనుండి తొలగించి, చాలభాగము నలుగగొట్టించిరి. మాటతో కట్టిన హద్దు పదియేండ్లయినను నిలువలేదు.

దీనినుండి అందఱును పాఠము నేర్చుకొన్నారా యన్న, పూర్తిగా లేదు. 1970ల దశకములో 38 స్పెషలులోనే ఎక్కువ ఒత్తిడిగల రకమును చేసి, డొప్ప అడుగున ప్లస్ పి అని ముద్ర వేయసాగిరి. కొలతలలో భేదము లేదు, ముద్రయే భేదము. పాతకాలపు తేలిక రివాల్వరులో అది దూఱును, ప్రేలును. కాని చట్రము త్వరగా అఱిగి వదులగును. అంతేకాదు, తుపాకి ఎంత తేలికయో అంత గట్టిగా వెనుకకు తన్నును. బండి ఒక్కసారి ముందుకు దూకినచో అందు కూర్చున్నవాడు వెనుకకు ఒఱగునట్లు, తుపాకి వెనుకకు తన్నినప్పుడు, ఇంకను కాల్చని తూటాలలోని గుండ్లు ముందుకు జాఱును. గుండు దిమ్మ ముందుకు పొడుచుకొని వచ్చినచో దిమ్మ తిరుగక బిగిసిపోవును. ఆత్మరక్షణకై పట్టుకొన్నది ఆ క్షణముననే ఇనుపముద్దగా మాఱును. కావున తుపాకి చేసినవారి పుస్తకములో ఏ తూటా చెప్పబడినదో అదియే వేయవలెను గాని, దూఱినదెల్ల తగినది కాదు.

కొలతయే హద్దురాయి యను ఈ యుక్తి మన దేశమునకు క్రొత్త గాదు. దానిని మనమీద ప్రయోగించినవారు తెల్లదొరలు. 1878 నాటి ఆయుధముల చట్టము ప్రజలు లైసెన్సు లేక ఆయుధము పట్టరాదని శాసించెను. అంతటితో వారికి ధైర్యము చాలలేదు. సేన వాడుచున్న 303 తూటా పట్టు రైఫిలును సామాన్య ప్రజలు ఉంచుకొనరాదని నిషేధించిరి. కారణము స్పష్టమే. సేన కొట్లనుండి తూటాలు దొంగిలింపబడినను, వానిని పట్టు తుపాకి బయట నుండరాదు. చిట్టగాంగులో తూటాలు కనబడకపోవుట ఒక రక్షణ. కనబడినను దూఱకపోవుట రెండవ రక్షణ. స్వతంత్రము వచ్చిన తరువాత వచ్చిన 1959 నాటి చట్టమును ప్రజల ఆయుధములకును, సేన ఆయుధములకును ఈ భేదమును నిలిపినది. బంగాళములోని ఈశాపూరు కార్ఖానాలో ప్రజలకొఱకు చేసిన రైఫిలు 315 కొలతది యగుటకును, కాన్పూరులో ప్రజలకొఱకు చేసిన రివాల్వరులు 32 కొలతవి యగుటకును మూలమిదియే. 2014లో స్త్రీల ఆత్మరక్షణకని కాన్పూరునుండి నిర్భీక్ అను పేరుతో వెలువడిన చిన్న రివాల్వరును ఆ 32 కొలతదే.

ఆ 32 తూటాకును కోల్టు వారు ఒకనాడు న్యూ పోలీసు అని వేఱు పేరు పెట్టియే యుండిరి. పేర్ల తగవు సముద్రములు దాటియు విడువలేదు.

పెద్దలారా, ఆయుధముపై మోజు పెంచుటకు నేనీ ప్రసంగము చేయలేదు. రివాల్వరు ఇంట నున్నవారికంటె లేనివారే నిశ్చింతగా నిద్రింతురని నా నమ్మకము. నేను చెప్పదలచినది ఇంతకంటె పెద్ద సంగతి. నూఱేండ్లకు పైగా ఈ చిన్న ఇనుప వస్తువు చుట్టు జరిగిన ప్రమాదములలో ఎన్నియో చెడ్డ బుద్ధివలన గాక, ఒకటే పేరు చూచి ఒకటే వస్తువని నమ్ముటవలన జరిగినవి. మందుసీసాపై పేరు చూచి కొలత చూడనివాడును, ఎరువుసంచిపై బొమ్మ చూచి పాళ్లు చూడనివాడును ఆ త్రోవనే నడుచుచున్నారు. తప్పు జరిగిన పిమ్మట సీసాను, సంచిని, తుపాకిని నిందించుట మనకు అలవాటు.

కావున పేరు విన్నప్పుడు కొలత యేమని యడుగుడు. హెచ్చరిక వ్రాసి చేతులు దులుపుకొన్నవానికంటె, తప్పు దూఱకుండ మెట్టు కట్టినవాడే నిజమైన మేలుకోరువాడని గ్రహింపుడు. మీ గ్రామమున బావికి గిలక కట్టినను, చెఱువుకు తూము పెట్టినను, బడిపిల్లలు నడుచు వంతెనకు అంచుగోడ కట్టినను, జాగ్రత్త యను పలకతో సరిపెట్టక, హద్దురాయినే పాతింపుడు. పలకను చదువనివాడుండును, రాతికి తగులనివాడుండడు.